పంపు దగ్గరే ఆగిపోయిన హెలెన్ కెల్లర్

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళినప్పుడు, అయిదో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురి కోసం చూపూ వినికిడీ లేకపోయినా చదువుకుని పేరు తెచ్చుకున్న అమెరికన్ మహిళ హెలెన్ కెల్లర్ జీవితకథ ఒకటి కొన్నాను. 64 పేజీలు, వెల 80 రూపాయలు. ప్రచురణకర్తల పేరు ఇక్కడ రాయడం లేదు; ఇందులో నాకు కనిపించిన లోపాలు వారి ఒక్కరివే కావు, పిల్లల కోసం మనం వేసుకునే జీవితచరిత్రల్లో చాలావాటికి ఉన్నవే.

ముందు మంచి సంగతులు చెప్పాలి. అక్షరాలు పెద్దవి, కాగితం దళసరి, బైండింగు కుట్టి చేసినది కనుక పిల్లల చేతుల్లో నాలుగు రోజులు నిలుస్తుంది. 1887 ఏప్రిల్ 5న అలబామాలోని టస్కంబియాలో, ఆమె గురువు ఆన్ సలివన్ ఏడేళ్ళయినా నిండని హెలెన్ చేతిని పంపు నీటి కింద పెట్టి, రెండో చేతిలో నీళ్ళు అనే మాటను వేళ్ళ గుర్తులతో అక్షరం అక్షరంగా చెప్పిన ఘట్టాన్ని రచయిత చక్కగా రాశారు. మా పిల్ల అది రెండుసార్లు చదివి, ఆ పంపు మన వీధి చివరి బోరింగు లాంటిదేనా అని అడిగింది.

అయితే తప్పులు మూడో పేజీలోనే మొదలవుతాయి. హెలెన్ పుట్టుకతోనే చూపు, వినికిడి లేనిదని రాశారు. 1880 జూన్ 27న పుట్టిన ఆమెకు 19 నెలల వయసులో జబ్బు చేసి ఆ రెండూ పోయాయి. సలివన్ అరచేతిలో వేలితో అక్షరాలు రాసిందన్నదీ సరికాదు. ఒక్కో అక్షరానికి వేళ్ళను ఒక్కో తీరున మడిచి పెడితే, దాన్ని హెలెన్ అరచేతితో తాకి గుర్తుపట్టేది. ఈ తేడా నాకెలా తెలుసంటే, అరచేతిలో రాయడం మా ఇంట్లో రోజూ జరిగే పని. మా పెదనాన్నగారికి ముప్పై ఏళ్ళ వయసులో నీటికాసుల వల్ల చూపు పోయింది, అరవై దాటాక వినికిడి కూడా పోయింది. ఆయనతో మాట్లాడాలంటే తెలుగు అక్షరాలు అరచేతిలో రాస్తాం. మ, య వచ్చినప్పుడు రెండేసిసార్లు రాయవలసి వస్తుంది.

ఇవన్నీ మలి ముద్రణలో దిద్దుకోగల పొరపాట్లు. నా అసలు ఫిర్యాదు కథను ఆపిన చోటు గురించి. పుస్తకంలో మూడు వంతులు పంపు దగ్గరికి చేరేసరికే అయిపోతాయి. ఆమె 1904లో రాడ్‌క్లిఫ్ కళాశాలలో బి.ఏ. పట్టా పుచ్చుకుని, చూపూ వినికిడీ రెండూ లేనివారిలో ఆ పట్టా పొందిన తొలి వ్యక్తి అయ్యారు. ఆ తరువాత 1968 జూన్ 1న కన్నుమూసేదాకా ఆమె బతికిన 64 ఏళ్ళకు ఈ 64 పేజీల పుస్తకంలో దక్కినవి మూడు పేజీలు. అందులోనూ ఒక పేజీ బొమ్మే.

ఆ 64 ఏళ్ళలో ఆమె చేసినదంతా ఇతరుల కోసం నోరు విప్పడమే. పురిట్లో తల్లి నుంచి సోకే సుఖవ్యాధి వల్ల పసికందుల కళ్ళు పోతున్నాయని, పుట్టగానే సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే అది ఆగుతుందని, ఆ వ్యాధి పేరెత్తడమే తప్పుగా భావించిన రోజుల్లో ఆమె మహిళల పత్రికలో రాశారు. 1909లో సోషలిస్టు పార్టీలో చేరారు. అంతకుముందు ఆమె తెలివిని ఆకాశానికెత్తిన ఒక పత్రికా సంపాదకుడు, సోషలిస్టు కావడం లాంటి ఈ పొరపాట్లు ఆమె ఎదుగుదలకున్న పరిమితుల వల్ల కలిగినవేనని తరువాత రాస్తే, ఆయనకు అచ్చులోనే దీటుగా జవాబిచ్చారు. ఈ ఒక్క ముచ్చట పిల్లలకు చెప్పినా పుస్తకం వెల గిట్టేది. 1920లో పౌరహక్కుల కోసం పోరాడే అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ స్థాపకుల్లో ఆమె ఒకరు. మన ఊళ్ళో కంటి శిబిరం అనగానే గుర్తొచ్చే లయన్స్ క్లబ్బుల వారిని, అంధుల పక్షాన నిలబడమని 1925లో ఒహాయోలోని మహాసభలో అడిగినదీ ఆమే. 1955లో మన దేశానికి వచ్చి నెహ్రూను కలిశారన్న సంగతికి కూడా ఇందులో చోటు లేదు.

ఆమెను దేవతను చేయడం నాకు నచ్చలేదు. 1915లో, తీవ్రమైన వైకల్యంతో పుట్టిన బిడ్డకు శస్త్రచికిత్స చేయకుండా చనిపోనిచ్చిన షికాగో వైద్యుణ్ణి ఆమె సమర్థించారు. పదేళ్ళ పిల్లకు ఇది చెప్పాలా వద్దా అన్నది వేరే మాట. పెద్దల కోసం రాసిన ముందుమాటలోనైనా ఉండవలసింది.

ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకైతే, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని తప్పులు సరిదిద్దుతూ చదివించగలిగితే కొనవచ్చు. హైస్కూలు పిల్లలకు వద్దు.

చివరి పేజీలో, ఉబ్బెత్తు చుక్కలను వేలితో తడిమి చదివే తెలుగు బ్రెయిలీ అక్షరమాల ఇచ్చారని చూసి, సంతోషంగా ఆ పేజీని పెదనాన్నగారి చేతికిచ్చాను. ఆయన చూపుడువేలు పైనుంచి కిందికి ఒకసారి, అడ్డంగా ఒకసారి తిరిగి ఆగిపోయింది. "ఇక్కడేముందమ్మా, నున్నగా ఉంది?" అన్నారు. నల్ల సిరాతో అచ్చువేసిన చుక్కలు అవి, ఒక్కటీ పైకి లేవలేదు. ఆ సంగతి అరచేతిలో రాస్తే, "కళ్ళున్నవాళ్ళ బ్రెయిలీ అన్నమాట" అని నవ్వి, చుక్కలు గుచ్చే తన బ్రెయిలీ స్లేటూ స్టైలసూ తెమ్మన్నారు. వెనకవైపు నుంచి గుచ్చాలి కనుక కుడి నుంచి ఎడమకు, ఒక్క చుక్కతో వచ్చే అ మొదలుకొని మొత్తం అక్షరమాలను దళసరి కాగితం మీద పొడిచి ఇచ్చారు. దాన్ని చివరి పేజీ మీద అంటించాం. చుక్కల మందానికి పుస్తకం అట్ట ఇప్పుడు సరిగా మూసుకోవడం లేదు.