అమ్మమ్మను వాళ్ల అక్క దగ్గరికి తీసుకెళ్లాం

అమ్మమ్మకి 82 ఏళ్లు. వాళ్ల అక్క, అంటే మా పెద్దమ్మమ్మకి 88. ఆరేళ్లుగా ఇద్దరూ వీడియో కాల్‌లో "వినబడుతోందా" అని అరుచుకోవడమే. సంక్రాంతి రద్దీ తగ్గాక అమ్మ, నేను, నా నాలుగేళ్ల కొడుకు కలిసి అమ్మమ్మని హైదరాబాద్ నుంచి అమలాపురం పక్కనున్న ఆ ఊరికి తీసుకెళ్లాం.

మొదటి పొరపాటు టికెట్ దగ్గరే చేశాను. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ముగ్గురికీ కలిపి ఒకే టికెట్ తీశాను. రైల్వేలో పెద్దవాళ్ల లోయర్ బెర్త్ కోటా మగవాళ్లకి 60, ఆడవాళ్లకి 45 నిండితే ఉంటుంది. కానీ ఆ టికెట్ మీద ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉండాలి, ఇద్దరైతే ఇద్దరిదీ ఆ వయసే అయ్యుండాలి. మధ్యలో నేను దూరాను కాబట్టి అమ్మమ్మకి మిడిల్ బెర్త్ వచ్చింది. ఎదుటి లోయర్ బెర్త్ కుర్రాడెవరో మంచివాడు, బెర్త్ మార్చుకున్నాడు. అమ్మకీ అమ్మమ్మకీ విడిగా తీసుంటే ఈ టెన్షన్ ఉండేదే కాదు. చార్జీలో రాయితీ ఎలాగూ 2020 మార్చిలోనే ఎత్తేశారు. అయిదేళ్లు నిండలేదు, బెర్తూ అడగలేదు కాబట్టి మావాడికి టికెట్టే అక్కర్లేకపోయింది.

కోటిపల్లి-నర్సాపురం లైను పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి, అమలాపురానికి ఇంకా రైలు లేదు. రాజమండ్రిలో దిగి కారెక్కాల్సిందే. దిగబోయే ముందు వంతెన మీద అమ్మమ్మ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. ఏసీ బోగీ కిటికీ తెరుచుకోదు కదా! "ఇదేం రైలే, గోదారమ్మకి రూపాయి కూడా వెయ్యనివ్వదు" అని అలిగింది. జొన్నాడ దాటాక గోదారి పాయ గౌతమి వంతెన మీద డ్రైవర్ బండి నెమ్మది చేసి అద్దం దించాడు. కారుకి 2,200 అయ్యాయి, ఆ ఒక్క పనికే ఇవ్వొచ్చు.

ఇక బస. పెద్దమ్మమ్మది పాత మండువా ఇల్లు, దొడ్లో నేల మరుగుదొడ్డి. అమ్మమ్మ మోకాళ్లు వంగవు. అందుకని అమలాపురంలో ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. వెస్టర్న్ కమోడ్ ఉంది, సరే. కానీ ఫోన్‌లో ఉందన్న లిఫ్ట్ పాడై నెలైందట. గది రెండో అంతస్తు. వేడినీళ్లు పొద్దున ఎనిమిదిన్నరకే ఆగిపోయాయి. డబ్బులు కొంతైనా తగ్గించమంటే మేనేజర్ నవ్వాడు.

"లాడ్జీలో దిగడానికి నా ఇల్లు కూలిపోయిందా?" అని పెద్దమ్మమ్మ రెండు గంటలు మాతో మాట్లాడలేదు. చివరికి అమ్మ బజారుకెళ్లి మెడికల్ షాపులో మడత కమోడ్ కుర్చీ కొనుక్కొచ్చింది, 1,800. మర్నాడు లాడ్జి ఖాళీ చేశాం. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఆ కుర్చీ సంగతి తట్టుంటే గది అద్దెలు మిగిలేవి.

తిండికి వంక పెట్టడానికేం లేదు. పొద్దున పనసాకు దొన్నెల్లో ఉడికించిన పొట్టిక్కలు, మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం జీడిపప్పు వేసినవి కొనకండి, ఉత్త బెల్లం, నెయ్యివే కొనండి. పళ్లు లేని పెద్దమ్మమ్మ నాలుగేళ్ల మావాడితో పోటీపడి తింది.

దిండి వెళ్లింది నేనూ మావాడూ మాత్రమే. గోదారి ఇంకో పాయ వశిష్ఠ ఒడ్డు, హౌస్‌బోట్లు బాగానే ఉన్నాయి గానీ చుట్టాలింటికి వచ్చినవాళ్లకి ఒక సాయంత్రం చాలు. అంతర్వేది గుడికి రమ్మంటే అక్కచెల్లెళ్లిద్దరూ కదల్లేదు. వసారాలో నవారు మంచం మీద, పోయినవాళ్ల లెక్క చెప్పుకుంటూ కూర్చున్నారు. మధ్యలో ఒకరి పేరు దగ్గర పోట్లాట కూడా అయింది.

తిరుగు ప్రయాణంలో సామాను ఎక్కువై కమోడ్ కుర్చీ అక్కడే వదిలేశాం. ఇప్పుడది పెద్దమ్మమ్మే వాడుతోందట. "ఇన్నాళ్లూ నీకెందుకు తట్టలేదురా" అని రోజూ మామయ్యని దెప్పుతోందని అత్తయ్య ఫోన్‌లో చెప్పింది.