‘అన్‌నోన్ ప్లెజర్స్’ రికార్డు వెంట మాంచెస్టర్‌లో రెండు రోజులు

కోఠీలో రోడ్డు పక్కన కొన్న నల్ల టీషర్టు మీది తెల్ల గీతలను నేను చాలాకాలం కొండల వరుస అనుకున్నాను. జాయ్ డివిజన్ అనే బ్యాండు 1979 జూన్‌లో విడుదల చేసిన తొలి ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’ అట్ట మీది బొమ్మ అదని, ఆ గీతలు సిపి 1919 అనే పల్సార్ (గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రం) నుంచి అందిన రేడియో స్పందనలని తెలిశాకే ఆ రికార్డు వినడం మొదలుపెట్టాను. కిందటి నవంబరులో లీడ్స్‌లో ఉంటున్న మా పెద్దమ్మ కొడుకు ఇంటికి వెళ్లినప్పుడు, రైలులో గంట దూరమే కదా అని, ఆ రికార్డు పుట్టిన చోట్లు చూడటానికి మాంచెస్టర్ వెళ్లి రెండు రోజులు ఉన్నాను.

బస పికడిలీ స్టేషన్‌కు దగ్గరలోని ఒక చవక హోటల్లో. పడక శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు, రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి అడిగిన ప్రతిదానికీ ఓపికగా సమాధానం చెప్పింది. అయితే లిఫ్టు రెండు రోజులూ పనిచేయలేదు, నా గది నాలుగో అంతస్తులో ఉంది. స్టేషన్‌కు అయిదు నిమిషాల నడక కాబట్టి ఆ ఇబ్బందిని సరిపెట్టుకున్నాను కానీ, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారికి అలాంటి బస సిఫార్సు చేయలేను.

మొదట వెళ్లింది సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లోని సెంట్రల్ లైబ్రరీకి. 1934లో ప్రారంభమైన ఈ గుండ్రని భవనంలోకి ప్రవేశం ఉచితం. అట్ట మీది పల్సార్ బొమ్మను ఒక ఖగోళశాస్త్ర విజ్ఞాన సర్వస్వంలో ఇక్కడే చూశానని గిటారిస్టు బెర్నార్డ్ సమ్నర్ చెప్పుకున్నాడు. పుస్తకంలో తెల్ల కాగితం మీద నల్లగా ఉన్న గీతలను డిజైనర్ పీటర్ సావిల్ తిరగేసి, నలుపు మీద తెలుపుగా మార్చాడు. అట్ట ముందువైపు బ్యాండు పేరు గానీ ఆల్బమ్ పేరు గానీ వేయలేదు. గుమ్మటం కింది చదువుల గదిలో ఎవరో కుర్చీ జరిపితే ఆ చప్పుడు గోడ చుట్టూ తిరిగి నా వెనక నుంచి వినిపించింది. ఈ రికార్డు విన్నవారికి ఆ అనుభవం కొత్తగా ఉండదు. ఈ యాత్రలో నా లెక్కన మొదటి మార్కు ఈ గదికే.

అదే మార్కు స్టాక్‌పోర్ట్‌కు ఇవ్వలేను. రైలులో పది నిమిషాలు ప్రయాణించి వాటర్లూ రోడ్డు చేరితే, 1979 ఏప్రిల్‌లో ఈ ఆల్బమ్ రికార్డయిన స్ట్రాబెరీ స్టూడియోస్ ఉండిన భవనం కనిపిస్తుంది. స్టూడియో 1990లలోనే మూతపడింది. గోడకు బిగించిన ఫలకం చదివి, ఫోటో తీసుకుని తిరిగి రావలసిందే. నాకు చూడాలని ఉన్నది ఆ భవనంలోని లిఫ్టు. నిర్మాత మార్టిన్ హానెట్ లిఫ్టు చప్పుడును, సీసా పగిలిన శబ్దాన్ని, చిప్స్ నమిలే శబ్దాన్ని కూడా రికార్డు చేసి పాటల్లో కలిపాడు; డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ చేత ఒక్కొక్క డ్రమ్మును విడివిడిగా వాయింపించి, ప్రతి దెబ్బ చుట్టూ ఖాళీ వదిలాడు. వేదిక మీద హోరుగా వాయించే సమ్నర్‌కు, బేసిస్టు పీటర్ హుక్‌కు ఇది అప్పట్లో నచ్చలేదు. తమ బలాన్ని హానెట్ తగ్గించేశాడని వాళ్ల బాధ. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది కానీ, హానెట్ వాళ్ల మాట విని ఉంటే ఆ ఏటి పంక్ రికార్డుల్లో ఇదీ ఒకటిగా కలిసిపోయేదని నా నమ్మకం.

తిరుగు రైలులో అప్పటి ఆదరణ గురించి రాసి పెట్టుకున్న కాగితాలు తిరగేశాను. ఈ ఆల్బమ్‌ను వెలువరించిన ఫ్యాక్టరీ రికార్డ్స్ సంస్థకు చెందిన టోనీ విల్సన్ తన సొంత డబ్బు పెట్టి మొదట 10,000 ప్రతులు ముద్రించాడు. ‘మెలొడీ మేకర్’ అనే సంగీత పత్రికలో జాన్ సావేజ్ దీనిని ఆ ఏటి మేలైన ఇంగ్లిష్ తొలి ఆల్బమ్‌లలో ఒకటిగా మెచ్చుకున్నాడు, గాయకుడు ఇయాన్ కర్టిస్ గొంతు మరీ బరువుగా ఉందని, పాటలు విసుగు పుట్టించాయని రాసినవారూ లేకపోలేదు. పత్రికలు ఇంతగా పట్టించుకున్నా విడుదలైనప్పుడు బ్రిటిష్ ఆల్బమ్ చార్టులో దీనికి చోటు దక్కలేదు. 1980 మే 18న కర్టిస్ 23 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ వేసవిలో రెండో ఆల్బమ్ వచ్చాక, ఆగస్టులో ఈ తొలి ఆల్బమ్ 71వ స్థానానికి చేరింది. నలభై ఏళ్ల సందర్భంగా 2019లో మళ్లీ విడుదల చేస్తే 5వ స్థానం దక్కింది.

హ్యూమ్‌లోని ఎపింగ్ వాక్ వంతెనకు నగరం నడిబొడ్డు నుంచి నడిచే వెళ్లాను. 1979 జనవరిలో కెవిన్ కమిన్స్ బ్యాండులోని నలుగురినీ మంచులో నిలబెట్టి ఫోటో తీసింది ఇక్కడే. నేను వెళ్లిన రోజు మంచు లేదు, సన్నని తుంపర, కింద ఎడతెగని వాహనాలు. పది నిమిషాలు చాలు.

రెండో రోజంతా ఇయాన్ కర్టిస్ సమాధి ఉన్న మాకల్స్‌ఫీల్డ్‌కే కేటాయించాను. స్టేషన్ నుంచి శ్మశానవాటిక వరకు దారి కొంత ఎగుడు, నడవగలిగేదే. సమాధి ఫలకం నిలువుగా ఉంటుందనుకుని వెతికి, రెండుసార్లు దాని పక్కనుంచే వెళ్లిపోయాను. అది నేలకు ఆనుకుని ఉన్న చిన్న అంచురాయి. పేరు, తేదీ, ఆయన పాటలోని ఒక మాట మాత్రమే చెక్కి ఉన్నాయి. మొదటి రాయిని 2008లో ఎవరో ఎత్తుకుపోతే దాని స్థానంలో పెట్టినది ఇది. పక్కన నాణేలు, గిటారు మీటే ప్లాస్టిక్ బిళ్లలు, తడిసి సిరా కారిన ఒక ఉత్తరం. ఆయన ఉన్న బార్టన్ స్ట్రీట్ మామూలు ఇళ్ల వరుస. అక్కడ జనం కాపురం ఉంటున్నారు కాబట్టి కెమెరా సంచిలోంచి తీయలేదు.

ఆ రాత్రి హోటల్ నాలుగంతస్తుల మెట్లూ చెవిలో అదే రికార్డు పెట్టుకుని ఎక్కాను. మూడో అంతస్తు దగ్గర ఎక్కడో తలుపు మూసుకున్న చప్పుడయింది. అది హోటల్లోదా, పాటలోదా అని ఆగి వెనక్కి తిరిగి చూశాను.