అంబత్తూరులో జిప్సీ ఛాసిస్ పని: వెల్డింగ్‌కి పంపండి, పెయింటుకి వద్దు

చెన్నైలో పాత మారుతీ జిప్సీ ఛాసిస్ బయటి నుంచి కాదు, లోపలి నుంచి పోతుంది. ఛాసిస్‌కు రెండు పక్కలా పొడవునా ఉండే ఇనుప దూలాన్ని రైలు అంటారు. పెట్టెలా మూసి ఉండే ఆ రైలులో బురద చేరుతుంది, డ్రెయిన్ బెజ్జాలు పూడుకుపోతాయి, తడి ఆరదు. ఈసీఆర్ (సముద్రం పక్క ఈస్ట్ కోస్ట్ రోడ్డు) బండ్లకు ఉప్పుగాలి, వేళచ్చేరి బండ్లకు 2015, 2023 డిసెంబరు వరదల ఒండ్రు. పైన నల్లరంగు నిగనిగలాడుతున్నా వెనక కమాన్ షాకిల్ (కమాన్‌ను ఛాసిస్‌కు తగిలించే లింకు) దగ్గర సుత్తితో తడితే ఖంగుమనాల్సింది మొద్దుగా పలుకుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్ దిగబడితే ఇక పూతలతో అయ్యే పని కాదు, కోసి అతకాల్సిందే.

అంబత్తూరు ఎస్టేట్ వెనక, లేత్ షెడ్ల మధ్య ఉన్న ఈ ఛాసిస్ షెడ్డుకు వెల్డింగ్ వరకు ఢోకా లేదు. మేస్త్రీతో తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. బాడీ దించకుండా పని ఒప్పుకోరు, అది మంచి గుర్తు. కింద పడుకుని అతికితే రైలు పైభాగం ఎవరికీ కనబడదు, తుప్పు ఎక్కువగా ఉండేదేమో బాడీని ఛాసిస్‌కు బిగించే మౌంట్ల కిందే. పెట్రోల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైరింగ్ పూర్తిగా విప్పుతారు. పాత తారుపూతను వెల్డు చేసే చోటికి చుట్టూ జానెడు మేర గీకేస్తారు. లేకపోతే దానికి నిప్పంటుకుంటుంది.

కోసే ముందు కొలతలు. రెండు రైళ్ల మధ్య మూలకు మూల టేపు పట్టి రాసుకుంటారు, యాంగిల్ ముక్కలతో తాత్కాలికంగా బిగిస్తారు, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకుంటారు. వెనక షాకిల్ గొట్టాలు మార్చేటప్పుడు రెండింటిలోంచి ఒకే పొడవాటి రాడ్ దూర్చి చుక్క వెల్డు పెట్టడం ఇక్కడ చూడదగ్గ పని. ఆ గొట్టాలు కాస్త పక్కకు పోయినా యాక్సిల్ వంకరగా కూర్చుంటుంది, బండి రోడ్డు మీద ఏటవాలుగా పోతుంది, టైర్లు ఒకవైపే అరుగుతాయి.

ప్లేటు మందం దగ్గర చాలా షెడ్లు తప్పు చేస్తాయి. గట్టిగా ఉంటుందని 6 ఎంఎం ప్లేటు వేస్తారు. పలచటి రైలు మీద మందపాటి ప్లేటు వంగదు, బరువంతా దాని అంచు దగ్గర పడి ఏడాదో రెండేళ్లో సరిగ్గా అక్కడే పగులు వస్తుంది. ఇక్కడ బాగున్న చోట వెర్నియర్‌తో కొలిచి అంతే మందం మైల్డ్ స్టీల్ వాడతారు. ప్లేటు చివరలు నిలువుగా కోయకుండా చేప నోరులా కోస్తారు, వెల్డు గీత రైలుకు అడ్డంగా పడదు. మధ్యలో 10 ఎంఎం బెజ్జాలు వేసి వాటిని వెల్డుతో నింపుతారు, అదే ప్లగ్ వెల్డు. తీగతో వెల్డు చేసే మిగ్ మెషీన్, 0.8 ఎంఎం తీగ, వెల్డుకు గాలి తగలకుండా ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ గ్యాసు మిక్స్. అంగుళం అంగుళం చొప్పున చోటు మార్చి మార్చి కుడతారు కాబట్టి రైలు వేడికి వంకర తిరగదు. ఒక్కటే చూసుకోండి, ఉక్కకు తట్టుకోలేక పెడస్టల్ ఫ్యాను దగ్గరికి లాక్కుంటారు. ఆ గాలికి గ్యాసు చెదిరి వెల్డులో సూదిబెజ్జాలు పడతాయి.

అసలు తంటా ఆ తర్వాతే. వెల్డింగ్‌తో కలిపి తుప్పు ట్రీట్‌మెంట్ కూడా బిల్లులో రాస్తారు. చేసేదేమో వైర్ బ్రష్, తుప్పును గట్టి పొరగా మార్చే కన్వర్టర్ ద్రావణం, దాని మీద జింక్ ప్రైమర్, పైన రబ్బరు తారు. జింక్ పనిచేయాలంటే ఇనుముకు నేరుగా తగలాలి. కన్వర్టర్ పొర మీద వేస్తే అది ఉత్త బూడిదరంగు పెయింటు. తారు కింద తడి చిక్కుకుంటే తుప్పు ఇంకా దర్జాగా పెరుగుతుంది. పైగా తారు బ్రష్‌తో పూసేటప్పుడు డ్రెయిన్ బెజ్జాలూ పూడుస్తారు. రైలు లోపల ఏమీ వేయరు. వెల్డు వేడికి లోపలి పాత పూత కాలిపోయి ఇనుము బోసిగా మిగిలేది అక్కడే మరి!

కాబట్టి వెల్డింగ్‌కే రేటు మాట్లాడి, ఛాసిస్‌ను పూత లేకుండా తీసుకోండి. గరుకు రేణువులు గాలితో కొట్టి తుప్పు రాల్చే బ్లాస్టింగ్‌కు పంపండి. ఛాసిస్ నంబరు మీద మందంగా టేపు వేయించడం మరవద్దు, పదిహేనేళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్‌కి ఆర్టీవోలో చూసేది అదే. బ్లాస్ట్ చేసిన ఇనుము చెన్నై గాలిలో గంటల్లోనే ఎర్రబారుతుంది, అందుకే టూ-ప్యాక్ (రెండు డబ్బాలు కలిపి వాడే) ఎపాక్సీ ప్రైమర్ ఆ రోజే పడాలి. గాలిలో తేమ 85 శాతం దాటితే డబ్బా మూత తీయొద్దు. ఈ పని ఫిబ్రవరి నుంచి జూన్ లోపు పెట్టుకోండి, నవంబరులో అసలు వద్దు. ఎపాక్సీ రెండు పూతలు, పైన పీయూ (పాలీయూరెథేన్) నలుపు పెయింటు. బండి బిగించాక రైలు లోపలికి కొట్టే తుప్పు నిరోధక మైనం, అంటే క్యావిటీ వ్యాక్స్: చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి గొట్టాన్ని రైలు చివరిదాకా దూర్చి, నెమ్మదిగా వెనక్కి లాగుతూ కొట్టాలి. డ్రెయిన్ బెజ్జాల్లోంచి కారేదాకా కొట్టి, తర్వాత తీగతో ఆ బెజ్జాలు తెరవాలి. స్ప్రే డబ్బా స్ట్రా ఇందుకు చాలదు.

బాడీ దించి ఉండగానే బ్రేకు పైపులు కొత్తవి వేయించండి. ఏసీ షాపు రాగి గొట్టం తెస్తామంటే ఒప్పుకోకండి, అదురుకు గట్టిపడి చీలుతుంది. బాడీ మౌంట్ రబ్బర్లు జీపీ రోడ్డులో వెతకండి. పుదుపేటలో పాత ఛాసిస్ దొరుకుతుంది కదా, ఈ కోతలెందుకు అనే సలహా మేస్త్రీయే ఇస్తాడు. దాని మీద ఉండేది ఇంకో బండి నంబరు, మీ ఆర్సీతో కలవదు.

ప్లేటు మూసే ముందు రైలు లోపలి ఫోటో పంపమని మొదటిరోజే చెప్పండి. అడిగినవాళ్లకు వాట్సాప్‌లో పంపుతారు, అడగకపోతే పంపరు.