కారు షెడ్డుకి రోలింగ్ షట్టర్: ఆరేళ్లు వాడాక

కాకినాడలో మా ఇంటి కింద కారు షెడ్డుకి రోలింగ్ షట్టర్ పెట్టించి ఆరేళ్లు దాటింది. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మమ్మల్ని ముందుగా అడిగేది "రేకు ఎన్ని గేజ్?" అని, అంటే ఎంత మందం అని. అది చూసుకోవాల్సిందే. కానీ దొంగ రేకు కోసుకుంటూ కూర్చోడు. అడుగున సరిగ్గా మధ్యలో గునపం దూర్చి పైకి లేపుతాడు. రెండు పక్కలా వేసిన కప్పతాళాలు వేసినట్టే ఉంటాయి, మధ్యలో మాత్రం మనిషి పాక్కుంటూ దూరేంత సందు వస్తుంది. షాపుల్లో దొంగతనం జరిగినప్పుడు పేపర్లో వచ్చే ఫొటోలు చూడండి, షట్టర్ మధ్యలో విల్లులా వంగి ఉంటుంది.

అందుకే నా ఓటు ముందు సెంటర్ లాక్‌కి. మా దాంట్లో అడుగు పట్టీకి మధ్యలో లాక్ ఉంది. తాళం తిప్పితే వేలంత లావు బోల్టు కిందికి దిగి, నేలలో కాంక్రీటులో పాతిన ఇనుప గొట్టంలోకి వెళ్తుంది. ఒక సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి అడుగు పట్టీ మీద, లాక్‌కి జానెడు దూరంలో, పెయింట్ లేచిపోయి మెరుస్తున్న గీతలు కనిపించాయి. పట్టీ అక్కడ రెండు వేళ్లు పట్టేంత పైకి వంగింది. అంతే, అంతకన్నా లేవలేదు. పక్క తాళాలు మాత్రమే ఉండుంటే ఆ రాత్రి ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. ఈ లాక్‌తో ఉన్న పని ఒక్కటే. నేలలోని గొట్టంలో మట్టి, ఇసుక నిండి బోల్టు సగమే దిగుతుంది. తాళం పడినట్టే అనిపిస్తుంది కానీ పట్టు ఉండదు. వారానికోసారి పుల్లతో కెలికి శుభ్రం చేస్తాను.

దీనివల్ల మరో లాభం ఉంది. బయట కప్పతాళం వేలాడుతుంటే, ఇంట్లో ఎవరూ లేరని వీధిలోకి వచ్చిన ప్రతివాడికీ మనమే చెప్పినట్టు. సెంటర్ లాక్ అయితే మనం ఇంట్లో ఉన్నా లేకపోయినా బయటికి ఒకేలా కనిపిస్తుంది. గ్రిల్ షట్టర్ వద్దనడానికి కారణం కూడా ఇదే. కారు ఉందో లేదో రోడ్డు మీద నుంచే తెలిసిపోతుంది. గాలి కోసం పైన రెండు మూడు వరసలు చిల్లుల పట్టీలు వేయించుకుంటే చాలు. పక్క తాళాలు కూడా కావాలనుకుంటే కొక్కెం బయటికి కనిపించని రకం కొనండి, కట్టర్‌కి అందదు.

ఇక గేజ్ సంగతి. మా ద్వారం 12 అడుగుల వెడల్పు, అంటే మూడున్నర మీటర్లు దాటినట్టే. మూడున్నర మీటర్లు దాటితే 18 గేజ్, అంటే సుమారు 1.2 మి.మీ. మందం ఉండాలి. అంతకన్నా చిన్నదానికి 20 గేజ్, సుమారు 0.9 మి.మీ. సరిపోతుంది. కొటేషన్‌లో 18 రాసి 20 బిగించేవాళ్లూ ఉంటారు కాబట్టి పెయింట్ పడకముందే మీ ఎదురుగా మందం కొలిచే కాలిపర్‌తో కొలిపించండి. అలాగే పట్టీల చివర్లు జారే పక్క చానెళ్ల లోతు అడగండి. మాది 75 మి.మీ. లోతు తక్కువైతే షట్టర్‌ని మధ్యలో గట్టిగా తంతే పట్టీల చివర్లు చానెల్లోంచి బయటికి జారతాయి. చానెల్ ఇటుక గోడకి కాకుండా పిల్లర్‌కి యాంకర్ బోల్టులతో బిగించాలి, బోల్టు తలలు బయటివైపు ఉండకూడదు.

మోటారు పెట్టించాం, సుఖంగానే ఉంది. కరెంటు పోతే లోపలున్న గొలుసు లాగి ఎత్తుకోవచ్చు. అయితే మోటారు ఉంటే తాళం అక్కర్లేదని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి. మోటారు బ్రేకు పట్టుకునేది పైనున్న రోలర్‌ని మాత్రమే. కింద నుంచి ఎత్తితే పట్టీలు ఒకదాని మీద ఒకటి కుంగి కొంత పైకి లేస్తాయి. లాక్ వేసి ఉండగా ఎవరైనా రిమోట్ నొక్కితే ఇంకో ప్రమాదం: మోటారు బలానికి పట్టీలు మెలి తిరుగుతాయి. లాక్ పడితే మోటారుకి కరెంటు ఆగిపోయేలా చిన్న స్విచ్ పెట్టిస్తారు, అది తప్పనిసరిగా అడిగి పెట్టించుకోండి. రిమోట్ నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రకం తీసుకోండి. ఎప్పుడూ ఒకే కోడ్ పంపే రిమోట్‌ని సులువుగా కాపీ చేస్తారు. ఒక రిమోట్ పోతే పాతవన్నీ చెరిపించి మళ్లీ నమోదు చేయించాలి.

మాకు నిజంగా విసుగు తెప్పించింది తుప్పు. సముద్రపు గాలికి జీఐ పట్టీలు, అంటే జింకు పూత వేసిన ఇనుప పట్టీలు, బాగానే తట్టుకున్నాయి. వెల్డింగ్ చేసిన చోట్ల మాత్రం జింకు పూత కాలిపోతుంది కదా, మొదటి వానాకాలానికే అక్కడ ఎర్రగా తేలింది. అడుగు పట్టీ నీళ్లలో నానడం వల్ల ఇంకా ఎక్కువ పాడైంది. దొంగ ఎత్తేది సరిగ్గా దాన్నే కాబట్టి అక్కడ తుప్పు పట్టడం అందవికారంతో పోయే విషయం కాదు. బిగించిన రోజే ప్రతి వెల్డింగ్ అతుకు మీద జింక్ పెయింట్ వేయించండి. గ్రీజు బేరింగులకి మాత్రమే పెట్టండి. చానెళ్లలో రాస్తే దుమ్ము పట్టి షట్టర్ బిగుసుకుపోతుంది, అక్కడ సిలికాన్ స్ప్రే చాలు.

చప్పుడు గురించి చాలామంది ఫిర్యాదు చేస్తారు. తెల్లవారుజామున ఎత్తితే పక్కింటివాళ్లు లేస్తారన్నది నిజమే. రాత్రి పూట అదే చప్పుడు నాకు ధైర్యం, అందుకే పూర్తిగా తగ్గించే ప్రయత్నం చేయలేదు.

షెడ్డులోంచి ఇంట్లోకి వెళ్లే తలుపుని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చాలా ఇళ్లలో అక్కడ పల్చటి ప్లైవుడ్ తలుపు, చిన్న గడియ ఉంటాయి. మేం వీధి తలుపుకి ఉన్నలాంటి టేకు తలుపు, లోపలికి పొదిగిన తాళం పెట్టించాం. బంగారం, కాగితాలు ఉండేది ఇంట్లోనే గానీ కారు పక్కన కాదు.

మళ్లీ పెట్టించాల్సి వచ్చినా ఇదే షట్టర్, ఇదే సెంటర్ లాక్ పెట్టిస్తాను. అడుగు పట్టీ మాత్రం ఈసారి ఇంకా మందంగా, నేలలో గొట్టం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించమని మేస్త్రీకి ఇప్పటికే చెప్పాను. వానలు మొదలవకముందే పని అయిపోవాలి.