రన్నింగ్ బ్యాక్: మొదటి రౌండ్‌లో తీసుకోవాలా, ఆగాలా, బయట కొనాలా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా కాలేజీ ఆటగాళ్లను జట్లకు పంచే డ్రాఫ్ట్‌లో మన ఐపీఎల్ వేలంలా డబ్బు పెట్టి పాడుకోవడం ఉండదు. కిందటి సీజన్‌లో అడుగున ఉన్న జట్టుకు ముందు వంతు, ఛాంపియన్‌కు చివరి వంతు. మొత్తం 32 జట్లు, 7 రౌండ్లు. కొత్త ఆటగాడి జీతం కూడా అతన్ని ఎన్నో వంతులో తీసుకున్నారన్న దాన్ని బట్టే దాదాపు ఖరారైపోతుంది. అందుకే పై వంతు దొరికిన జట్టుకు అంత టెన్షన్. దాన్ని బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ మీద ఖర్చు పెట్టొచ్చా అన్నది ఏటా ఏప్రిల్‌లో వచ్చే గొడవ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఈ ఆట చూస్తున్న మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కౌబాయ్స్, జయంట్స్ రెండూ ఆ పని చేసి చూసిన జట్లే.

ఒకప్పుడు ఇందులో చర్చే లేదు. 1978లో ఎర్ల్ క్యాంప్‌బెల్, 1980లో బిల్లీ సిమ్స్, 1986లో బో జాక్సన్ మొట్టమొదటి వంతుకే వెళ్లారు. 1995లో కిజానా కార్టర్ తర్వాత ఆ చోటు 2025 డ్రాఫ్ట్ దాకా ఒక్క రన్నింగ్ బ్యాక్‌కీ దక్కలేదు. 2005లో మొదటి ఐదుగురిలో ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌లే. ఆ ఏడాదే, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోజర్స్ 24వ వంతు దాకా కూర్చోవాల్సి వచ్చింది. 2013, 2014, 2024 డ్రాఫ్ట్‌లలోనైతే మొదటి రౌండ్ మొత్తంలో ఒక్క రన్నింగ్ బ్యాక్ పేరు కూడా పిలవలేదు.

దీనికి కారణం రూల్స్‌లో ఉంది. 1978 నుంచి బంతి విసిరేవాళ్లకు, అందుకునేవాళ్లకు అనుకూలంగా నిబంధనలు మారుతూ వచ్చాయి. పరిగెడితే ఒక్కోసారికి సగటున నాలుగు యార్డుల పైచిలుకు వస్తే, విసిరితే ఏడు యార్డుల దాకా వస్తుంది. ఇక కోచ్‌లు ఎటు మొగ్గుతారో చెప్పక్కర్లేదు.

మొదటి రౌండ్‌లో తీసుకోవడం గురించి మాట్లాడాలంటే 2018లో జయంట్స్ చేసిన పని దగ్గరే మొదలుపెట్టాలి. రెండో వంతులో సేక్వాన్ బార్క్‌లీని తీసుకున్నారు. అతను మొదటి ఏడాదే పరుగులు, క్యాచ్‌లు కలిపి 2,028 యార్డులు చేసి ఆ ఏటి మేటి కొత్త ఆటగాడయ్యాడు. జట్టు మాత్రం 5 మ్యాచ్‌లు గెలిచి 11 ఓడింది. మరుసటి ఏడాది 4 గెలిచి 12 ఓడింది. ముందు నిలబడి దారి చేసే లైన్ బలహీనంగా ఉంటే ఎంత గొప్ప రన్నర్ అయినా బంతి అందగానే ఎదుటివాళ్ల చేతికి చిక్కుతాడు. అదే డ్రాఫ్ట్‌లో క్వార్టర్‌బ్యాక్‌లు జాష్ అలెన్ ఏడో వంతులో బఫలోకి, లమార్ జాక్సన్ 32వ వంతులో బాల్టిమోర్‌కి వెళ్లారు.

డబ్బు లెక్క ఇంకా ముఖ్యం. బార్క్‌లీ మొదటి ఒప్పందం నాలుగేళ్లకు 3.12 కోట్ల డాలర్లు. ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే అతను తన స్థానంలో ఎక్కువ జీతగాళ్లలో ఒకడైపోయాడు. అదే వంతులో క్వార్టర్‌బ్యాక్ దొరికితే దాదాపు అంతే జీతానికి వస్తాడు. బయట మార్కెట్‌లో అలాంటి క్వార్టర్‌బ్యాక్‌కు దానికి ఎన్నో రెట్లు ఇవ్వాలి. జట్టు మొత్తం జీతాలకు శాలరీ క్యాప్ అనే పరిమితి ఉన్న లీగ్‌లో ఆ మిగులుతోనే మిగతా జట్టును కడతారు. పై వంతులో తీసుకున్న రన్నింగ్ బ్యాక్ దగ్గర ఆ మిగులు చాలా తక్కువ. నన్ను అడిగితే, గాయాల భయం కన్నా బలమైన వాదన ఇదే.

గాయాల భయం కూడా చిన్నదేం కాదు. 2015లో పదో వంతులో రామ్స్‌కి వెళ్లిన టాడ్ గర్లీకి 2018లో భారీ ఒప్పందం ఇచ్చారు, 2020లో వదిలేశారు. మోకాలు సహకరించక 26 ఏళ్లకే అతని ఆట ముగిసింది. 2016లో నాలుగో వంతులో వచ్చిన ఎజీకియల్ ఎలియట్‌కు కౌబాయ్స్ 2019లో ఆరేళ్లకు 9 కోట్ల డాలర్ల ఒప్పందం రాసి, 2023లో తప్పించారు.

ఇక ఆగడం. కాన్సస్ సిటీ చీఫ్స్ ఒకే జట్టులో రెండు దార్లూ నడిచి చూపించింది. 2020లో మొదటి రౌండ్ చివరి వంతులో క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్‌ను తీసుకుంటే మొదటి ఏడాది 803 యార్డులు పరిగెత్తాడు, ఆ అంకెను మళ్లీ దాటలేదు. 2022లో ఏడో రౌండ్‌లో 251వ వాడిగా వచ్చిన ఐజయా పచేకో మొదటి ఏడాదే 830 యార్డులు చేశాడు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను రెండుసార్లు గెలిచాడు. రామ్స్‌కి కైరన్ విలియమ్స్ అయిదో రౌండ్‌లో దొరికాడు. డెరిక్ హెన్రీ, నిక్ చబ్, జొనాథన్ టేలర్ ముగ్గురూ రెండో రౌండ్ వాళ్లే. ఇన్ని పేర్లు కనిపిస్తుంటే మొదటి రౌండ్‌లో తొందరపడాల్సిన పనేముంది? అయితే ఏడో రౌండ్‌లో వచ్చినవాళ్లలో ఎక్కువమంది జట్టులో నిలవనే నిలవరు. పచేకోను చూసి అందరూ అలాగే దొరుకుతారనుకోకూడదు. రెండో రౌండ్, మూడో రౌండ్ మధ్యలో తీసుకోవడమే తెలివైన పని అని నా నమ్మకం.

మూడో దారి, పాత జట్టుతో ఒప్పందం ముగిసిన పేరున్నవాణ్ని బయట కొనడం. 2024లో ఈగల్స్ అదే బార్క్‌లీని మూడేళ్లకు 3.775 కోట్ల డాలర్లకు తీసుకుంది. జోర్డన్ మైలాటా, లేన్ జాన్సన్ లాంటి కొండల్లాంటి వాళ్లు ముందు నిలబడితే అతను ఆ సీజన్‌లో 2,005 యార్డులు పరిగెత్తాడు. జట్టు చీఫ్స్‌ను 40-22తో ఓడించి సూపర్ బౌల్ గెలిచింది. బాల్టిమోర్ ముప్పై ఏళ్ల హెన్రీకి రెండేళ్లకు 1.6 కోట్ల డాలర్లిచ్చి 1,921 యార్డులు రాబట్టుకుంది. ఈ దారి అన్నీ సిద్ధంగా ఉన్న జట్టుకే పనికొస్తుంది. ఇల్లు కడుతున్న జట్టు వయసు మీరుతున్న రన్నర్‌ను కొంటే, ఇల్లు పూర్తయ్యేలోపు అతని కాళ్లు అయిపోతాయి.

మరి మొదటి రౌండ్‌లో ఎప్పుడూ తీసుకోకూడదా? 2023 డ్రాఫ్ట్ చూడండి. అట్లాంటా ఎనిమిదో వంతులో బిజాన్ రాబిన్సన్‌ను, డెట్రాయిట్ పన్నెండో వంతులో జమీర్ గిబ్స్‌ను తీసుకున్నాయి. ఇద్దరూ మెరికలే. 2024లో ఇద్దరూ 1,400 యార్డులు దాటారు. అట్లాంటా 8 గెలిచి 9 ఓడింది, డెట్రాయిట్ 15 గెలిచి 2 ఓడింది. డెట్రాయిట్‌కు అప్పటికే పెనే సూవల్ లాంటి వాళ్లున్న లైన్, కుదురైన క్వార్టర్‌బ్యాక్ ఉన్నారు. అలాంటి జట్టు తీసుకుంటే నేను తప్పు పట్టను. 2025లో ఆరో వంతులో ఆష్టన్ జెంటీని తీసుకున్న రైడర్స్ విషయంలో మాత్రం నాకు ఒప్పుదల లేదు. అంతకుముందు ఏడాది వాళ్లు 4 గెలిచి 13 ఓడారు. ఆ వంతు లైన్‌కు పోవాల్సింది.

ఈ లెక్కలన్నీ జట్టు వైపు నుంచే. ఆటగాడి వైపు నుంచి చూస్తే నాకు బాధేస్తుంది. మొదటి రౌండ్ వాడికి నాలుగేళ్ల ఒప్పందం, ఐదో ఏడు జట్టు ఇష్టం, ఆపైన స్థానాన్ని బట్టి ఖరారైన జీతంతో ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి ఇంకో ఏడాది పట్టి ఉంచొచ్చు. బార్క్‌లీని జయంట్స్ సరిగ్గా అలాగే ఆరు సీజన్లు ఉంచుకుంది. 2023లో రన్నింగ్ బ్యాక్ ట్యాగ్ విలువ దాదాపు 1.01 కోట్ల డాలర్లు, బంతి అందుకునే రిసీవర్‌ది దానికి దగ్గర దగ్గర రెట్టింపు. బేరమాడే హక్కు వచ్చేసరికి కాళ్లలో మంచి ఏళ్లు గడిచిపోతాయి. కనీసం ఈ ఒక్క స్థానానికైనా మొదటి ఒప్పందాన్ని మూడేళ్లకు కుదించి, ట్యాగ్ తీసేయాలని నేను కోరుకుంటున్నాను. అప్పుడు జట్లు ఇంకా వెనక రౌండ్లకు పోతాయని అంటారు. పోనివ్వండి, మూడో రౌండ్‌లో వచ్చినవాడు కూడా 24 ఏళ్లకే తన ధర తాను అడగగలుగుతాడు.