సాఫ్ట్‌వేర్‌కి కాపీరైటా, పేటెంటా?

మన యాప్‌ని ఎవడైనా లేపేస్తే ఏం చేయాలి అంటే సగం మంది వెంటనే పేటెంట్ తీసుకో అంటారు, కానీ ఇండియాలో అది అంత ఈజీ కాదు, 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంట్ ఇవ్వరు, అంతకుమించి టెక్నికల్‌గా ఏదో సాధించావని చూపించుకోవాలి. మన రెండు రాష్ట్రాల వాళ్లకి చెన్నై పేటెంట్ ఆఫీసే గతి. పేటెంట్ వస్తే గడువు 20 ఏళ్లు, అదీ ఫీజులు కడుతూ పోతేనే.

కాపీరైట్ అలా కాదు, కోడ్ రాయగానే వచ్చేస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు (చేయించుకుంటే కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది). 1957 చట్టం ప్రోగ్రామ్‌ని సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది, నవ్వొస్తుంది గానీ నిజం! రాసినవాళ్ల జీవితకాలం, ఆపైన ఇంకో 60 ఏళ్లు. పైరేటెడ్ కాపీ అని తెలిసీ వాడితే సెక్షన్ 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, వ్యాపారానికి కాకపోతే కోర్టు జరిమానాతో వదిలేయొచ్చు.

చిక్కెక్కడంటే కాపీరైట్ కోడ్‌నే కాపాడుతుంది, ఐడియాని కాదు, అవతలోడు అదే ఐడియాతో సొంతంగా కోడ్ రాసుకుంటే మనం చూస్తూ కూర్చోవడమే. పేటెంట్ ఉంటే వాణ్ణీ ఆపొచ్చు. అయినా చిన్న టీమ్ అయితే నేను కాపీరైట్‌కే ఓటేస్తా, పేటెంట్ లాయర్ ఖర్చు భరించేసరికి కంపెనీయే ఉండదు.