నీలిగీత ఉన్న 50 మి.లీ. బ్యూరెట్: చివరి అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

డిగ్రీ విద్యార్థుల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో కొన్నేళ్లుగా నేను వాడుతున్న బ్యూరెట్ (ద్రావణాన్ని కొలుస్తూ చుక్కచుక్కగా వదిలే గీతల గాజు గొట్టం) గురించి రాస్తున్నాను. ఇది బోరోసిలికేట్ గాజుతో చేసిన ‘ఎ’ తరగతి (ఎక్కువ కచ్చితత్వం గల) పరికరం, 0.1 మి.లీ. చొప్పున గీతలు, టెఫ్లాన్ స్టాప్‌కాక్ (ద్రావణాన్ని వదిలే కుళాయి), వెనుకవైపు తెల్లని పట్టీ మధ్యలో ఒక నీలిగీత ఉంటాయి. కొలతలో ఎన్ని సార్థక అంకెలు (కచ్చితంగా తెలిసిన అంకెలు, వాటి చివర అంచనా వేసిన ఒక అంకె) రాయవచ్చో తేల్చుకోవడానికి ఇది ఎంతవరకు పనికివస్తుందన్నదే ఇక్కడ నా పరిశీలన.

దీని ప్రధాన సుగుణం ఆ నీలిగీతే. రంగులేని ద్రావణంలో మినిస్కస్ (ద్రవం పైభాగంలోని వంపు) దగ్గర అది రెండు మొనలుగా చీలి ఒకదానికొకటి తాకినట్లు కనిపిస్తుంది కనుక, 19.4కూ 19.5కూ నడుమ ఉన్న చోటును కంటితో పది భాగాలు చేసి 19.45 అని రాయడం సులువవుతుంది. చివరి 5 అంచనాయే అయినా సార్థక అంకె కిందికే వస్తుంది, మొత్తం నాలుగు. మట్టం సరిగ్గా గీత మీదే నిలిస్తే 18.6 అని కాక 18.60 అని రాయాలని ప్రతి బ్యాచ్‌కూ మళ్లీ మళ్లీ చెప్పవలసి వస్తుంది. ఖర్చయిన ఘనపరిమాణం 0.85 మి.లీ. మాత్రమే అయితే ఇంత మంచి గాజు కూడా రెండు అంకెలకు మించి ఇవ్వలేదు, ముందున్న సున్నా లెక్కకు రాదు. అందుకే అంతిమ బిందువు (చర్య పూర్తయిందని తెలిసే చోటు) 20 మి.లీ. దరిదాపుల్లో వచ్చేలా గాఢతలను ఎంచుకుంటాను.

అయితే రెండో దశాంశ స్థానాన్ని చూసి మురిసిపోనక్కరలేదు. ఈ తరగతి 50 మి.లీ. బ్యూరెట్‌కు అనుమతించిన దోషమే ±0.05 మి.లీ.; కొన నుంచి రాలే ఒక చుక్క కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అరచుక్కను కొన వద్ద నిలిపి, ఫ్లాస్కు గోడకు తాకించి, వాష్ బాటిల్‌తో లోపలికి కడిగితేనే ఆ అంకెకు కాస్త విలువ. టెఫ్లాన్ స్టాప్‌కాక్ ఈ పనికి చక్కగా లొంగుతుంది, గ్రీజు పూసే బెడద కూడా లేదు.

ఫలితం మాత్రం బ్యూరెట్ ఒక్కదాని చేతిలో లేదు. రెండు దశాంశాలు చూపే తక్కెడ మీద 1.32 గ్రా. సోడియం కార్బొనేట్ తూచి 250 మి.లీ. ద్రావణం చేస్తే దాని మోలారిటీ (లీటరుకు ఎన్ని మోల్‌లో చెప్పే గాఢత) 0.0498, అంటే మూడే అంకెలు. అందులో 20.00 మి.లీ.కు 19.45 మి.లీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పట్టిందనుకుంటే, ఆమ్లం మోలారిటీకి కాలిక్యులేటర్ పెద్ద దశాంశాల వరుసే చూపిస్తుంది గానీ రాయదగినది 0.102 మాత్రమే. ఒక సోడియం కార్బొనేట్‌కు రెండు హైడ్రోక్లోరిక్ ఆమ్లం అని చెప్పే సమీకరణంలోని 2 లెక్కపెట్టి తెచ్చిన సంఖ్య, కొలిచినది కాదు. కనుక అది అంకెలను తగ్గించదు. నాలుగో అంకె కావాలంటే డబ్బు పెట్టవలసింది మరో బ్యూరెట్ మీద కాదు, నాలుగు దశాంశాల తక్కెడ మీద.

మన వేసవి మరో చిక్కు. గాజు మీద 20 డిగ్రీల సెల్సియస్ అని ముద్రించి ఉంటుంది, అంటే గీతలు ఆ ఉష్ణోగ్రతకే సరిపోతాయని. 20 నుంచి 35 డిగ్రీలకు వెళ్లేసరికి నీటి ఘనపరిమాణం దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. ఏసీ గదిలో తయారుచేసిన ద్రావణాన్ని ఉక్కపోసే ప్రయోగశాలలో వాడితే నాలుగో అంకె నిలవదు. అన్నీ ఒకే గదిలో, ఒకే ఉష్ణోగ్రత వద్ద చేసుకుంటే ఈ తేడా చాలావరకు పట్టించుకోనక్కరలేదు.

ఇక లోపాలు. పొటాషియం పర్మాంగనేట్ వంటి ముదురు రంగు ద్రావణాలకు నీలిగీత కనబడదు, మట్టం పై అంచునే చూడాలి. టెఫ్లాన్ వెనుక ఉండే నట్ వాడకంలో వదులై మెల్లగా కారుతుంది కాబట్టి ప్రయోగానికి ముందు నీళ్లు నింపి కాసేపు గమనించడం అవసరం. ఇంటర్ ప్రయోగాలకు ±0.1 మి.లీ. దోషంతో వచ్చే ‘బి’ తరగతి బ్యూరెట్ సరిపోతుంది; డిగ్రీ, పీజీ ప్రయోగశాలలకు మాత్రం దీన్నే సిఫారసు చేస్తాను.